రైలు కొంతసేపు, అడవి చాలాసేపు: రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో పూట ప్రయాణానికి ఏ దారి మంచిది?

దసరా సెలవులు దగ్గరపడగానే ఒడిశాలోని రాయగడలో ఉన్న మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. బొబ్బిలి నుంచి పెద్దమ్మగారి అబ్బాయి, విజయనగరం నుంచి బావగారు, గుణుపురం నుంచి అక్క. అందరిదీ ఒకే కోరిక. తెల్లవారి బయలుదేరి మధ్యాహ్నం దాటేలోగా ఇల్లు చేరాలి, ఆ మధ్యలో కొండల్లో రైలెక్కాలి, అడవిలో నడవాలి. "పొగబండి అయితే ఇంకా బాగుంటుంది" అని కూడా ఒకరిద్దరు అంటారు. పదేళ్ల పైగా ఈ ప్రయాణాలు కుదర్చడం నా పనే అయింది. ఏ దారి ఎవరికి నప్పుతుందో తిరిగి తిరిగి తెలుసుకున్నాను కనుక, ఈసారి ఫోనులో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను.

మొదట్లో చేసిన ఒక పొరపాటు చెబితే మిగతాది తేలికగా అర్థమవుతుంది. ఒకసారి పదకొండు మందిని వెంటబెట్టుకుని రాయగడ నుంచి కోరాపుట్ దాకా రైల్లో తీసుకెళ్లాను. దారి పొడవునా సొరంగాలు, లోయలు, ఎత్తయిన వంతెనలు. కానీ అది 164 కిలోమీటర్ల దారి, నాలుగు గంటల పైమాటే. కోరాపుట్‌లో దిగి భోజనాలు చేసి తిరుగు ప్రయాణం చూసుకునేసరికి అడవిలో కాలు పెట్టడానికి ఇరవై నిమిషాలు కూడా మిగల్లేదు. మా మేనకోడలు అప్పుడు మూడో తరగతి చదువుతోంది. "మావయ్యా, అడవిలోకి ఎప్పుడు వెళ్తాం?" అని అడిగింది. ఆ పిల్లకు ఏమని చెప్పను?

అప్పటి నుంచి ఒక లెక్క పెట్టుకున్నాను. పూట అంటే ఆరేడు గంటలు. అందులో రైలు గంటన్నర దాటకూడదు. నడక రెండు గంటలకు తగ్గకూడదు. రైలు ఎక్కేముందే తిరుగు దారి తెలిసి ఉండాలి, అది రైలైనా సరే, బస్సైనా సరే. చాలామంది రైలును చూసి దారి ఎంచుకుంటారు. నేను మాత్రం అడవిని చూసి ఎంచుకోమంటాను. కొండల మధ్య రైలు ఎక్కడైనా అందంగానే ఉంటుంది. దిగిన చోటు నుంచి చెట్ల నీడలోకి ఎంతసేపట్లో చేరతామన్నదే ఆ పూట ఎలా గడుస్తుందో తేలుస్తుంది.

పొగబండి సంగతి, వానల అడవి సంగతి

దారులు పోల్చే ముందు ఈ రెండు మాటల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. మన సరిహద్దు జిల్లాల్లో ఇప్పుడు పొగబండి నడవడం లేదు. ఎవరైనా ఉందని చెబితే నమ్మకండి. ఉండేది మాత్రం నిజం.

పర్లాకిమిడి మహారాజా తన ఖర్చుతో వేయించిన చిన్న రైలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. 1931 నాటికి దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం దారి 90 కిలోమీటర్లు. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఆంధ్రలో, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ఒడిశాలో. మా అమ్మమ్మగారి ఊరు టెక్కలి, మేముండేది గుణుపురంలో. వేసవి సెలవులంటే మాకు ఆ బండే. పులిహోర డబ్బా మూత పాతపట్నం వచ్చేదాకా తీయకూడదని అమ్మ నియమం. తల బయటపెట్టి చూస్తే కంట్లో బొగ్గు నలుసు పడేది. అమ్మ చీర కొంగును ముద్దలా చుట్టి, నోటితో ఊది వేడి చేసి కంటికి అద్దేది. పొలాల్లో పనిచేసేవాళ్లు బండి కూత విని పొద్దు ఎంతయిందో చెప్పుకునేవారు. 1990ల మొదట్లో ఆవిరి ఇంజన్లు పోయి డీజిలు ఇంజన్లు వచ్చాయి. 2004లో చిన్న రైలు ఆగిపోయింది. ఆ దారిలోనే పెద్ద పట్టాలు వేసి 2011 నాటికి గుణుపురం దాకా మళ్లీ రైలు తెచ్చారు. ఇప్పుడు అందులో వెళ్తుంటే బొగ్గు వాసన లేదు కానీ, ఊళ్లూ వంశధారా అవే.

ఆవిరి ఇంజనుతోనే వెళ్లాలన్న పట్టుదల ఉన్నవారికి నా సలహా ఒకటే. దాన్ని పూట ప్రయాణంలో ఇరికించకండి, దానికి విడిగా నాలుగు రోజులు కేటాయించండి. నీలగిరి కొండ రైలు మెట్టుపాళయం నుంచి ఊటీ వరకు 46 కిలోమీటర్లు. 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. మెట్టుపాళయం నుంచి కూనూరు వరకు ఆవిరి ఇంజను పెట్టెలను వెనక నుంచి తోస్తుంది. ఏటవాలు మరీ ఎక్కువైన చోట పట్టాల మధ్యనున్న పళ్ల కమ్మీని ఇంజను కింది పళ్లచక్రం పట్టుకుని ఎక్కుతుంది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి కొండ మడతల్లోని షోలా అడవులు ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. అంటే పొగబండీ సతత హరితారణ్యమూ ఒకేచోట కావాలంటే దక్షిణాదిలో ఆ దారే. మనకు ఒక సౌకర్యం కూడా ఉంది. ధన్‌బాద్ నుంచి అలెప్పీ వెళ్లే ఎక్స్‌ప్రెస్ రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా కోయంబత్తూరు వైపు వెళ్తుంది, మధ్యలో బండి మారే పని లేదు. కూనూరు వరకు సీట్లు చాలా ముందుగానే అయిపోతాయి కనుక ముందు కొండ రైలు టిక్కెట్టు తీసుకుని, ఆ తరువాతే పెద్ద రైలు టిక్కెట్టు తీసుకోండి.

ఇక వానల అడవి. కోరాపుట్‌లో ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, తక్కువేమీ కాదు. కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. ఆ తరువాత నెలల తరబడి నేల ఎండుతుంది. అందుకే మన చెట్లు ఆకు రాల్చి నీటిని దాచుకుంటాయి. గుగ్గిలం, మద్ది, ఇప్ప, తునికి, ఉసిరి, వాటి మీదికి తాళ్లలా పాకే అడ్డాకు తీగ, ఇదీ మన అడవి. గెడ్డల వెంబడి, లోతైన లోయల్లో మాత్రం పనస, మామిడి, జీలుగు చెట్లు ఏడాదంతా పచ్చగా గుబురుగా ఉంటాయి. టీవీలో చూసే వర్షారణ్యాన్ని తలచుకుని వస్తే నిరాశ పడతారు. గెడ్డ పక్క దారి పట్టుకుంటే ఆ చల్లదనం, తడి మట్టి వాసన, నాచు పట్టిన రాళ్లు దొరుకుతాయి. అందుకే నేను ఏ దారి ఎంచుకున్నా నడక నీటి పక్కన సాగేలా చూసుకుంటాను.

రాయగడ నుంచి బిస్సంకటక్: నడిచేవాళ్ల దారి

రాయగడలోనో పార్వతీపురంలోనో ఉండి, నడకే ముఖ్యం అనుకునేవారికి నేను మొదట చెప్పేది ఇదే. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే పాత లైను ఇది, 1931లో పూర్తయింది. సింగపూర్ రోడ్, తేరువలి దాటాక ఎడమపక్క కొండలు దగ్గరికి జరుగుతాయి. అదే నియమగిరి వరుస. బిస్సంకటక్ చేరడానికి గంట అటూ ఇటూ పడుతుంది. ఈ లైనులో సొరంగాల సందడి లేదు. పిల్లలు "ఇంతేనా" అంటారు. కానీ గంటలో దిగేస్తాం కనుక పూటలో మూడు వంతులు మన చేతిలోనే ఉంటుంది. లైను మీద బండ్లు కూడా ఎక్కువ, తిరుగు రైలు దొరకక ఇబ్బంది పడటం అరుదు.

బిస్సంకటక్ నుంచి ఆటోలో చాటికోన వెళ్లాలి. అక్కడ కొండ అడుగున గెడ్డ వెంట నడక. బుధవారమైతే చాటికోనలో సంత జరుగుతుంది. నియమగిరి మీద ఉండే డోంగ్రియా కొంధులు పసుపు, అల్లం, అనాస, నారింజ, అడ్డాకుల కట్టలు దించుకుని వస్తారు. తెల్లవారుజామున ఆ దారిలో నిలబడితే వరసగా కొండ దిగే ఆడవాళ్ల తలల మీద బుట్టలు, ముక్కులకు మూడేసి పోగులు, భుజం మీద వాళ్లే కుట్టుకున్న తెల్లని శాలువా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డోంగ్రియాలు ప్రభుత్వం ప్రత్యేకంగా దుర్బలమైనవని గుర్తించిన గిరిజన సమూహాల్లో ఒకరు. నియమగిరి వాళ్లకు కొండ మాత్రమే కాదు, వాళ్ల దేవుడు నియమరాజు ఉండే చోటు. బాక్సైటు తవ్వకం విషయం సుప్రీంకోర్టు 2013లో గ్రామసభలకే వదిలిపెడితే, పన్నెండు గ్రామసభలకు పన్నెండూ వద్దన్నాయి. తమ కొండను అంత పట్టుదలతో కాపాడుకున్నవాళ్ల ఇళ్లలోకి అడగకుండా వెళ్లడం, ముఖం ముందు ఫోను పెట్టి ఫొటోలు తీయడం నాకు సహించదు. సంతలో కొనండి, బేరం మరీ లాగకండి, నవ్వి పలకరించండి. కొండ మీది ఊళ్లకు మీ అంతట మీరు ఎక్కకండి. అడుగునున్న గెడ్డ దారి రెండు గంటలకు చాలినంత ఉంది.

బుధవారం కుదరకపోతే ఈ దారి విలువ సగం తగ్గుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. సంత లేని రోజున గెడ్డ దగ్గర మనుషుల అలికిడి ఉండదు, పక్షులు ఎక్కువ వినిపిస్తాయి.

రాయగడ నుంచి లక్ష్మీపూర్ రోడ్: రైలు కోసమే వచ్చేవాళ్లకు

నా గంటన్నర లెక్కను నేనే సడలించేది ఈ ఒక్క దారి కోసం. సింగపూర్ రోడ్ దగ్గర కోరాపుట్ లైను విడిపోతుంది. 1990లలో ఒక్కో ముక్కగా తెరిచిన లైను ఇది. కేతుగుడ దాటాక బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. కోరాపుట్ చేరేలోగా ముప్పైకి పైగా సొరంగాలు. ఒక సొరంగం నుంచి బయటపడి లోయను చూసి, ఊపిరి పీల్చుకునేలోగా ఇంకో చీకటి. తల తిప్పి చూస్తే ఇందాక దాటిన వంతెన మన కిందనే, వంపు అవతల కనిపిస్తుంది. పెట్టెలో పిల్లలుంటే సొరంగం వచ్చినప్పుడల్లా ఒకటే కేక.

లక్ష్మీపూర్ రోడ్ వరకు రెండు గంటల పైన పడుతుంది. అక్కడితో ఆపండి. కోరాపుట్ దాకా వెళ్లాలన్న ఆశను అణుచుకోవడమే ఈ దారిలో అసలు కిటుకు. భువనేశ్వర్ నుంచి వచ్చే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే రాయగడ దాటుతుంది కనుక పూట ప్రయాణానికి అనువుగా ఉంటుంది. తిరిగి రావడానికి రైలును నమ్ముకోకండి. లక్ష్మీపూర్ మీదుగా రాయగడకు జాతీయ రహదారి ఉంది, బస్సులు నడుస్తాయి. రహదారి కూడా కొండల్లోనే కనుక, రైలు కిటికీలోంచి చూసిన లోయలనే ఇంకో వైపు నుంచి చూస్తూ దిగవచ్చు.

నడక విషయంలో మాత్రం బిస్సంకటక్ దారికి ఇది సాటి రాదు. స్టేషనుకు దగ్గరలో దట్టమైన అడవి ఉందని మిమ్మల్ని ఆశ పెట్టను. పోడు కొట్టిన వాలులు, చోడి చేలు, జీడిమామిడి తోటలు, వాటి మధ్య చెట్ల గుంపులు. అక్కడి ఊరిలో ఒకరిని వెంట తీసుకుని, వారి సమయానికి తగిన డబ్బు ముందే మాట్లాడుకుని, వాగు దాకా వెళ్లి రావాలి. ఇదే లైనులోని టికిరి దగ్గర దిగితే ఏమిటని కొందరు అడుగుతారు. టికిరి చుట్టూ అల్యూమినా కర్మాగారం, గనుల లారీల రాకపోకలు ఎక్కువ. నడకకు నేను అక్కడికి తీసుకెళ్లను.

కోరాపుట్, అరకు మధ్య కిరండూల్ లైను

అందరికీ తెలిసిన పేరు ఇదే, అందుకే అందరూ దీన్నే అడుగుతారు. ఛత్తీస్‌గఢ్‌లో కిరండూల్ దగ్గరున్న బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. మనుషుల కోసం కాక రాళ్ల కోసం వేసిన దారి ఇంత అందంగా ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. శృంగవరపుకోట దాటాక శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, ఆపైన సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. ఇక్కడ ఒక తికమక ఉంది, జాగ్రత్త. కోరాపుట్ జిల్లాలో సునాబెడ పక్కన సెమిలిగుడ అనే పట్టణం ఉంది. అది వేరు, ఈ స్టేషను వేరు. మా బంధువులలో ఒకరు ఈ పేర్లు కలగలిపి ఒక పూటంతా పోగొట్టుకున్నారు.

కోరాపుట్‌లో ఉన్నవారు గమనించాల్సింది ఇంకొకటి. పేరు మోసిన సొరంగాలు, లోయలు అన్నీ అరకుకు ఆవలి వైపు, విశాఖ దిక్కున ఉన్నాయి. కోరాపుట్ నుంచి అరకు వరకు ఉన్న సుమారు 80 కిలోమీటర్లు పీఠభూమి. మచ్‌కుండ్ రోడ్, పడువా, దర్లిపుట్ స్టేషన్ల చుట్టూ మెట్లు మెట్లుగా పొలాలు, గెడ్డలు, దూరంగా కొండలు. నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె పూసి కొండవాలులన్నీ పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. అప్పుడు మాత్రం ఈ ముక్కను మించింది లేదు. మిగతా రోజుల్లో, సొరంగాల మీద ఆశతో వచ్చినవారికి నిరుత్సాహం తప్పదు.

అసలు చిక్కు బండి వేళలతో. పగటి పాసింజరు పొద్దున విశాఖలో బయలుదేరి మధ్యాహ్నానికి ముందు అరకు, ఆ తరువాత కోరాపుట్ చేరుతుంది. ఎదురు బండి మధ్యాహ్నం కోరాపుట్ దాటి అరకు వైపు దిగుతుంది. కోరాపుట్ నుంచి రైల్లో అరకు వెళ్తే ఆ రోజు వెలుగుండగా తిరిగి రైలు దొరకదు. అందుకని మేము క్రమం తిప్పేశాం. తెల్లవారుజామున జీపులో నందపూర్, పడువా మీదుగా అరకు వెళ్లడం, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకిన కాఫీ తోటల మధ్య రెండు గంటలు నడవడం, ఆ తరువాత విశాఖ నుంచి వచ్చే పాసింజరు ఎక్కి కోరాపుట్ చేరడం. నడక ముందు, రైలు తరువాత. అలిసిన కాళ్లకు కిటికీ పక్క సీటు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. పిల్లలు పడువా రాకముందే నిద్రపోతారు. అయినా ఇది పూట కాదు, పూటన్నర. నందపూర్, పడువా వైపు ఉన్నవారికి మాత్రం నిజంగా పూటలో అయిపోతుంది.

2017లో విశాఖ, అరకు మధ్య అద్దాల పెట్టె వచ్చింది. విజయనగరం, విశాఖ బంధువులు దానికోసం పోటీ పడతారు. నా అభిప్రాయం అడిగితే, తెరిచిన కిటికీ ఉన్న మామూలు పెట్టె మేలు. అద్దం వెనక కూర్చుంటే తడి ఆకు వాసన రాదు. ముసలివాళ్లు, ఎండకు తట్టుకోలేనివాళ్లు అయితే అద్దాల పెట్టే తీసుకోండి.

కోరాపుట్‌కు ఆవలి పక్క మాలిగుడ మీదుగా జయపురం దిగే ఘాటు కూడా ఉంది. దూరం తక్కువ, సొరంగాలు ఉన్నాయి, జయపురం నుంచి కోరాపుట్‌కు బస్సులకు లోటు లేదు. రైలు సరదా మాత్రమే చాలు, సమయం లేదు అనుకునే కోరాపుట్ వాసులకు అరకు కన్నా అదే నయం.

గుణుపురం, పర్లాకిమిడి, గండాహతి

పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నేను మరో ఆలోచన లేకుండా ఇటే తీసుకెళ్తాను. గుణుపురం నుంచి పర్లాకిమిడికి సుమారు 50 కిలోమీటర్లు, గంటా గంటన్నర. ఎత్తు ఎక్కేది లేదు, సొరంగాలు లేవు. ఒక పక్క వంశధార, ఇంకో పక్క వరి చేలు, చేల చివర నీలంగా కొండలు. చిన్న రైలు నడిచిన దారి ఇదే కనుక డెబ్బై దాటినవారికి ప్రతి స్టేషనూ ఒక కథ. బన్సధార స్టేషను దగ్గర మా పెద్దమ్మ, పెళ్లయిన కొత్తలో ఇక్కడే బండి ఆగిపోతే ఇంజనులో నీళ్లు పోసేదాకా దిగి చింతచెట్టు కింద కూర్చున్నామని ప్రతిసారీ చెబుతుంది. ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు.

పర్లాకిమిడిలో దిగి జీపు మాట్లాడుకుంటే గండాహతి జలపాతం ముప్పై కిలోమీటర్ల లోపే. దారి చివర అడవి దగ్గరపడుతుంది. నీళ్లు బండల మీదుగా జారి పడతాయి. ఆ గెడ్డ వెంట నడక నేను చెప్పిన నాలుగు దారుల్లోనూ వర్షారణ్యానికి అతి దగ్గరగా అనిపించే చోటు. నీడ విడవదు, గాలిలో తుంపర విడవదు. మోకాళ్ల నొప్పులున్నవారు పై బండల దగ్గరే కూర్చుని నీటి చప్పుడు వినవచ్చు, ఓపికున్నవారు వాగు వెంట ముందుకు వెళ్లవచ్చు. ఒకే చోట ఇద్దరికీ సరిపోవడం మిగతా దారుల్లో లేదు.

మహేంద్రగిరి కూడా కలుపుకుందామని కొందరు అంటారు. వద్దు. అది 1501 మీటర్ల కొండ, పాండవుల పేరున్న పాత గుళ్లు, పరశురాముడి కథ, 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అడవి. దానికి పూర్తి రోజు ఇవ్వకపోతే కొండకూ అన్యాయం, మీకూ అన్యాయం.

తిరుగు రైలుకు ముందు గంట మిగిలితే పర్లాకిమిడి వీధుల్లో గడపండి. పశువుల కొమ్ముతో కొంగలు, చేపలు, దువ్వెనలు చెక్కే పనివాళ్లు ఇంకా ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊరు ఇది. ఈ కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసి, మనకు వాడుక భాషలో రాసే ధైర్యం ఇచ్చిన మనిషి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు మనసు విరిగి ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఒడిశాలో తెలుగు మాట్లాడుతూ బతికే మాలాంటివారికి ఆ వీధుల్లో నడవడం మామూలు నడక కాదు.

కాలం, జాగ్రత్తలు

అక్టోబరు నుంచి జనవరి వరకు నాలుగు దారులూ బాగుంటాయి. జూలై, ఆగస్టుల్లో గండాహతి నిండుగా ఉంటుంది కానీ బండలు జారుతాయి. కిరండూల్ లైనులో వానలకు కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగిన సందర్భాలు ఉన్నాయి. రాయగడ చుట్టుపక్కల 2017 జూలై వరదలకు రైలు వంతెనలే దెబ్బతిన్నాయి. కాబట్టి వానాకాలంలో రైలు మీద పూర్తిగా ఆధారపడే దారి ఎంచుకోకండి. బస్సు తోడుగా ఉన్న దారే మంచిది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి. ఎలుగుబంట్లు తెల్లవారుజామున వాటికోసం వస్తాయి. ఆ రెండు నెలలూ పొద్దెక్కాకే అడవిలో కాలు పెట్టండి. గజపతి, శ్రీకాకుళం, పార్వతీపురం సరిహద్దుల్లో ఏనుగుల గుంపు తిరుగుతుంటుంది. గండాహతి బయలుదేరేముందు జీపు డ్రైవర్లను అడిగితే ఏనుగులు ఎటు ఉన్నాయో చెబుతారు.

దోమలను తేలికగా తీసుకోకండి, ఇవి మలేరియా ఎక్కువగా ఉండే జిల్లాలు. పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు మేజోళ్లు, ఒంటికి పూసుకునే మందు తప్పనిసరి. స్టేషను దాటాక ఫోను పలకదు, చిన్న ఊళ్లలో చిల్లర డబ్బే పలుకుతుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం బజార్లలో తెలుగుతో పని జరిగిపోతుంది. లోపలి ఊళ్లలో కువి, సవర, దేశియా మాటలు. నాలుగు ఒడియా మాటలు వచ్చినవారు ఒకరు తోడుంటే చాలు.

ఫొటో కోసం పట్టాల మీదికి, సొరంగాల్లోకి వెళ్లవద్దు. రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అది నేరం. అంతకన్నా పెద్ద కారణం, వంపు చాటు నుంచి ఖనిజం బండి వస్తే సొరంగంలో పక్కకు తప్పుకునే చోటు ఉండదు. మా బృందంలో ఎవరైనా పట్టాల వైపు అడుగు వేస్తే ఆ పూట అక్కడితో ముగిసినట్టేనని ముందే చెబుతాను.

మరి ఎవరికి ఏది?

నడక కోసం వచ్చే పెద్దవాళ్లకు, స్నేహితుల బృందాలకు బిస్సంకటక్. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలుంటే లక్ష్మీపూర్ రోడ్, ఆ వయసులో సొరంగాలకు మించిన సంబరం లేదు. వలిసె పూల రోజుల్లో కోరాపుట్ వైపు వారికి పడువా, అరకు. ఇంట్లో అన్ని వయసులవారూ కలిసి కదిలితే పర్లాకిమిడి, గండాహతి. ఒక్కటే చెప్పమంటే నేను చివరిదే చెబుతాను. రైలు మామూలుదే అయినా అక్కడ అడవికి కావలసినంత సమయం మిగులుతుంది.

రైలు వేళలు మారుతూ ఉంటాయి, రెండో లైను పనుల వల్ల కొన్ని రోజులు బండ్లు రద్దవుతుంటాయి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఒకసారి, తెల్లవారాక ఇంకోసారి చూసుకోండి.

ఈ దసరాకు మా పెద్దమ్మ వస్తోంది. ఆమెకు డెబ్బై ఎనిమిది. మేనకోడలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, తనూ వస్తానంది. ముందు రోజు రాత్రికి గుణుపురంలో అక్క ఇంటికి చేరి, పొద్దున్నే పాసింజరు ఎక్కుతాం. నది వైపు కిటికీ పెద్దమ్మకు. పులిహోర డబ్బా మూత మాత్రం ఈసారి కాశీనగర్‌లోనే తీస్తాం.